ఆరాధనయు అర్థజ్ఞానమును

ఆరాధనకు అర్థజ్ఞానము అవసరమా అను ప్రశ్న మన దేశమునకు క్రొత్తది కాదు. యాస్కాచార్యుడు తన నిరుక్తమున కౌత్సుడను పూర్వపక్షిని ప్రస్తావించినాడు. మంత్రములు అర్థరహితములనియు, నియతమైన పదములను నియతమైన క్రమమున ఉచ్చరించుటయే వాని ప్రయోజనమనియు కౌత్సుని వాదము. యాస్కుడు దీనిని అంగీకరింపలేదు. వేదమును అధ్యయనము చేసియు అర్థమెరుగనివాడు కేవలము బరువు మోయు స్తంభము వంటివాడను మాటను ఆయన ఉదాహరించెను. రెండువేల యేండ్లకు పైబడిన ఈ వాదము ఇంకను తీరలేదు. మన ఇండ్లలో పెండ్లి జరుగునప్పుడు పురోహితుడు చదువు మంత్రములలో వధూవరులకు తెలిసినవి ఎన్ని? తెలియనంత మాత్రమున ఆ పెండ్లి పెండ్లి కాకపోవునా? ఈ రెండు ప్రశ్నలకును ఎవరికి తోచిన సమాధానము వారు చెప్పుకొనుచు కాలము గడుపుచున్నాము.

ఇరువదవ శతాబ్దమున ఈ ప్రశ్నను ఆచరణలో ఎదుర్కొనవలసివచ్చిన మహాసమాజము కతోలిక శ్రీసభ. నాలుగు వందల యేండ్లు ఇంచుమించు ఒక్క తీరున నడచిన ఆరాధన అచట పదేండ్లలోపున రూపు మార్చుకొన్నది. ఆ మార్పును మెచ్చినవారును, దానికై దుఃఖించినవారును నేటికిని వాదించుకొనుచునే యున్నారు. మన తెలుగు సంఘములలో కతోలిక కుటుంబములు సంఖ్యకు కొద్దియే యైనను, వారి అనుభవమునుండి తక్కినవారు నేర్చుకొనదగినది చాల కలదు. నా అభిప్రాయమును ముందే చెప్పివేయుచున్నాను. ప్రాచీనమా ఆధునికమా అను తగవులో ఇరుపక్షములవారును ఒక విషయమును మరచినారు. ఆరాధన ఏ భాషలో జరిగినను, ఏ రూపమున జరిగినను, దాని భావమును వయసు వచ్చినవారికి బోధింపవలెను. ఆ పని జరుగలేదు.

పూర్వపు ఆరాధన ఎట్లుండెడిదో నేటి యువకులకు తెలియదు గనుక కొంచెము చెప్పవలసియున్నది. 1570లో ఐదవ పయస్ పోపుగారు ప్రకటించిన పూజాగ్రంథము ననుసరించి దివ్యబలిపూజ లాటిన్ భాషలో జరిగెడిది. గురువు ప్రజలతో గూడ బలిపీఠము వైపునకే తిరిగి నిలుచుండెడివాడు. పూజలో అత్యంత ముఖ్యమైన ప్రార్థనను ఆయన ఎవరికిని వినబడనంత మెల్లగా చెప్పుకొనెడివాడు. ఆ సమయమున చిన్న గంట మ్రోగెడిది. జనులు తలలు వంచెడివారు. తక్కిన సేపు చాలమంది తమ జపమాలలు తిప్పుకొనుచు పరలోక జపమును, మంగళవార్త జపమును తమ భాషలో చెప్పుకొనెడివారు. అనగా పీఠముకడ ఒక ప్రార్థన, బల్లలకడ మరొక ప్రార్థన. ఐనను అందులో ఒక గాంభీర్యము కలదని ఒప్పుకొనవలెను. మాటలాడనవసరము లేని చోటు మనుష్యునకు ఒకటి కావలెను. ఆ నిశ్శబ్దములో మోకరిల్లిన వృద్ధురాలు ఏమియు గ్రహింపలేదని ఎవడు చెప్పగలడు? గుంటూరు సీమలో విన్న పూజయే మద్రాసులోను, షోలాపురములోను, పారిసు నగరములోను వినబడెడిది. పొట్ట చేతబట్టుకొని ఊరు విడిచినవారికి అది సామాన్యమైన ఊరట కాదు.

అయితే లాటిన్ భాష ఆకాశమునుండి ఊడిపడినది కాదు. రోమునగరపు తొలి క్రైస్తవులు గ్రీకు భాషలో ఆరాధించిరి. నాలుగవ శతాబ్దమున, జనులకు గ్రీకు తెలియని స్థితి వచ్చినందున, ఆనాటి వాడుకభాషయైన లాటిన్ దాని స్థానమున ప్రవేశించెను. ‘కీరియే’ అను గ్రీకు మొర మాత్రము లాటిన్ పూజలో మిగిలిపోయినది. ‘ఆమెన్’, ‘హల్లెలూయ’ అను హెబ్రీ పదములును అట్లే. నేడు సంప్రదాయమనుచున్నది ఒకనాటి సంస్కరణమే. ఈ మాట చెప్పినచో సంప్రదాయవాదులకు కోపము వచ్చును గాని, చరిత్రకు కోపతాపములు లేవు.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన విషయము మరొకటి కలదు. లాటిన్‌ను నిలిపినదని పేరుపడిన త్రెంతు మహాసభయే 1562 సెప్టెంబరులో ఆరాధనను గూర్చి తీర్మానించుచు, పూజను దేశభాషలలో జరుపుట యుక్తముగా తోచలేదని చెప్పి, ఆ వెంటనే మరొక ఆజ్ఞ చేసినది. పూజలో చదువబడు విషయములను గురువులు తఱచుగా, ముఖ్యముగా ఆదివారములయందును పండుగలయందును, ప్రజలకు వివరింపవలెనని ఆ ఆజ్ఞ. పిల్లలు అన్నమడిగినప్పుడు పెట్టువారు లేని స్థితి రాకూడదని అందుకు కారణము. ఆ సభ ఫలితముగా 1566లో వెలువడిన సత్యోపదేశ గ్రంథము పిల్లలకొరకు వ్రాసినది కాదు. విచారణ గురువులు దానిని చదివి పెద్దలకు బోధించుటకై ఉద్దేశింపబడినది. 1905లో పదవ పయస్ పోపుగారు మరల ఇదే మాట చెప్పిరి. ఆదివారములయందు పిల్లలకు ఒక గంట బోధించుట యొకటి, పెద్దలకు వేరుగా బోధించుట మరొకటి యనియు, త్రెంతు గ్రంథమును నాలుగైదు సంవత్సరములలో పెద్దలకు పూర్తి చేయవలెననియు ఆయన శాసించిరి. పిల్లల గంట దేశమంతటను అమలునకు వచ్చినది. పెద్దల గంట ఏ విచారణలో క్రమముగా నడచినదో వెదకి చూడవలసినదే.

ఇక రెండవ వాటికన్ మహాసభ. 1963 డిసెంబరు 4వ తేదీన ఆరాధనను గూర్చిన శాసనము 2147 సమ్మతులతో, 4 అసమ్మతులతో ఆమోదింపబడెను. అంతటి ఏకాభిప్రాయముతో వచ్చిన శాసనముపై తరువాత అంతటి తగవు ఏల కలిగెను? ఆ శాసనమును చదివినవారికి ఒక సంగతి తెలియును. అది లాటిన్‌ను తొలగింపలేదు. నిలుపుచునే దేశభాషలకు చోటు చేసినది. ప్రాచీన గ్రెగోరియన్ గానమునకు ప్రథమస్థానమిచ్చినది. ప్రజలు పూర్ణముగా, తెలివితో, చురుకుగా ఆరాధనలో పాల్గొనవలెనని కోరినది. దానికి అవసరమైన శిక్షణ ముందు గురువులకు, పిదప ప్రజలకు ఇయ్యవలెనని, అట్లు కానిచో ఈ కోరిక నెరవేరదని స్పష్టముగా చెప్పినది. కాని మార్పు పరుగెత్తినది, శిక్షణ నడవలేకపోయినది. 1965 మార్చి 7న ఆరవ పాల్ పోపుగారే రోములోని ఒక విచారణలో ఇటలీ భాషలో పూజ చేసిరి. 1969 ఏప్రిల్‌లో క్రొత్త పూజాక్రమము ప్రకటింపబడి, ఆ సంవత్సరము నవంబరు 30నుండి అమలునకు వచ్చినది. తరతరముల అలవాటును ఆరేడు సంవత్సరములలో మార్చి, ఆ మార్పునకు కారణమును మాత్రము ఒక ఆదివారపు ప్రసంగములో చెప్పి ముగించిన విచారణలు లోకమున లెక్కలేనన్ని.

తెలుగుదేశమున ఈ మార్పు ఆనందమునే కలిగించినదనుటలో సందేహము లేదు. తన భాషలో గురువు దేవునితో మాటలాడుట వినగలిగినవాని సంతోషమును తక్కువ చేయరాదు. కీర్తనలకు మన రాగములు, మన తాళములు పీఠము వరకు వచ్చినవి. కాని వలస వచ్చి స్థిరపడిన మనవంటివారి కథ వేరు. దీనిని ఎవరును తగినంతగా ఆలోచింపలేదని నా అభిప్రాయము. లాటిన్ ఉన్నన్నాళ్లు ఆ భాష అందరికిని సమానముగా పరాయిది. కన్నడిగునికిని తెలియదు, తమిళునికిని తెలియదు, తెలుగువానికిని తెలియదు. దేశభాష రావలెనన్నప్పుడు ఏ దేశభాష అను ప్రశ్న పుట్టినది. బెంగుళూరు మేత్రాసనమున కన్నడమునకును తమిళమునకును మధ్య పూజాభాషను గూర్చి దశాబ్దములపాటు వివాదములు నడచినవి. సంఖ్యాబలము కలవారే అచట పోరాడవలసివచ్చినప్పుడు, పదునైదు తెలుగు కుటుంబములున్న చోట తెలుగు పూజను అడుగువాడెవడు? అట్లు మన కుటుంబములు బయట ఏ విధముగా అల్పసంఖ్యాకులో దేవాలయములోను ఆ విధముగానే అల్పసంఖ్యాకులైరి. తండ్రి తెలుగులో జపము చెప్పుకొనును. కుమారుడు కన్నడములోనో ఇంగ్లీషులోనో పూజ వినును. అవ్వ ఏ భాషయు పట్టించుకొనక జపమాల తిప్పుకొనును. ఒక్క ఇంట మూడు ఆరాధనలు. ఇది ఎవరి తప్పిదమనియు చెప్పజాలము. కాని ఇంటిలో పెద్దలు తమ విశ్వాసమును గూర్చి తెలుగులో మాటలాడుకొనుట లేనిచో, ఆ ముగ్గురిని కలుపు త్రాడు మరొకటి కానరాదు.

భాషతోపాటు ఆచారములును మారినవి. 1969 ఏప్రిల్ 25న రోము అధికారులు భారతదేశపు ఆరాధనలో పండ్రెండు మార్పులకు అనుమతి నిచ్చిరి. నేలపై కూర్చుండుట, పాదరక్షలు విడుచుట, మోకరించుటకు బదులుగా అంజలి ఘటించుట, పంచాంగ ప్రణామము, క్రొవ్వువత్తులకు మారుగా నూనెదీపము, పూజావస్త్రములకు మారుగా ఉత్తరీయము, పుష్పములతోను ధూపదీపములతోను హారతి మున్నగునవి అందులోనివి. 1967లో బెంగుళూరున నెలకొల్పబడిన జాతీయ బైబిలు సత్యోపదేశ ఆరాధన కేంద్రమును, దాని ప్రథమ సంచాలకుడైన అమలోర్పవదాసు గురువును ఈ యత్నమునకు ముందు నడచినవారు. ఆయన సంకల్పము ఉదాత్తమైనది. శ్రీసభ ఈ దేశమున విదేశపు మొక్కవలె ఉండరాదని ఆయన తపన. ఐనను వచ్చిన ప్రతిఘటన తీవ్రమైనది. ఇది హిందూ పూజ యని కొందరు కతోలికులు దూషించిరి. ఇది మతము మార్చుటకు వేసిన వేషమని కొందరు హిందువులు శంకించిరి.

మూడవ ఆక్షేపణ ఒకటి కలదు. నా దృష్టిలో అదియే అన్నిటికంటె బలమైనది. తెలుగు కతోలికులలో చాలమంది దళిత కుటుంబములనుండి వచ్చినవారు. ఏ దేవాలయపు గడప తమ తాతలను త్రొక్కనీయలేదో, ఆ దేవాలయపు హారతిని తమ పీఠముకడకు తెచ్చి ఇదే నీ సంస్కృతి యని చెప్పినప్పుడు వారికి ఏమి తోచవలెను? భారతీయత యనగా ఎవరి భారతీయత? ఈ ప్రశ్నను ముందుగా వారితో కూర్చుండి చర్చించియుండినచో మార్పు వేరు విధముగా ఉండెడిదేమో. తమకు చేతికిచ్చిన దీపమును ఏల ఇచ్చినారో తెలియని ప్రజలు దానిని గౌరవింపనులేరు, కారణము చెప్పి నిరాకరింపనులేరు. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు కార్డినలు పదవిని పొందిరి. ఆ పదవికి వచ్చిన తొలి తెలుగువారును, తొలి దళితులును ఆయనయే. అట్టి కాలమున ఈ ప్రశ్నను ఇంకను వాయిదా వేయుట తగదు.

పాశ్చాత్య దేశములలో తగవు మరొక దారి పట్టినది. ఆర్చిబిషప్ మార్సెల్ లెఫెవ్ర్ 1970లో ఒక గురుసంఘమును స్థాపించి పూర్వపు పూజను నిలిపెను. 1988లో పోపుగారి అనుమతి లేక నలుగురు మేత్రాణులను అభిషేకించెను. 2007లో పదునారవ బెనెడిక్టు పోపుగారు పూర్వపు పూజకు విశాలమైన స్వేచ్ఛ నిచ్చిరి. 2021లో ఫ్రాన్సిస్ పోపుగారు దానిని మరల బిగించిరి. విచిత్రమేమన, ఈ లాటిన్ పూజకు నేడు వచ్చువారిలో ఆ పాతకాలమును ఎరుగని యువకులు అనేకులు. వారిని గుడ్డి సంప్రదాయవాదులని త్రోసివేయుట అన్యాయము. వాడుకభాషలో జరుగు పూజ కొన్ని చోట్ల ప్రకటనలతోను, మైకు చప్పుడుతోను, సభానిర్వహణవలె మారినమాట వాస్తవము. మౌనమును కోరి వారు వెనుకకు పోవుచున్నారు. కాని అట్టివారిని ఆ పూజలోని ఏదేని ఒక ప్రార్థనకు అర్థమేమని అడిగి చూడవలెను. క్రొత్త పూజను మెచ్చువారిని కూడ అట్లే అడిగి చూడవలెను. ఇరుపక్షములలోను చదివి తెలిసికొన్నవారు కొందరుందురు. తక్కినవారి వాదము అభిరుచిని గూర్చినదే గాని ఆరాధనను గూర్చినది కాదు.

వయోజనులకే ప్రత్యేకముగా బోధ ఏల? పిల్లలకు నేర్పినచో వారే పెద్దవారగుదురు కదా యని అడుగవచ్చును. 1910లో పదవ పయస్ పోపుగారు ఏడేండ్ల ప్రాయమునకే దివ్యసత్ప్రసాదము నొసగవచ్చునని నిర్ణయించిరి. దానివలన మేలు కలిగినది. కాని సత్యోపదేశమనగా ఆ ప్రాయపు పిల్లలకు ప్రశ్నోత్తరములు వల్లె వేయించుటయే యను భావమును స్థిరపడినది. భద్రమైన అభ్యంగనముతో చదువు ముగియును. ఆ పిల్లవాడే పెరిగి ఇంజనీరగును, వకీలగును, వర్తకుడగును. తన వృత్తిలో ఐదవ తరగతి లెక్కలతో పని నడుపుటకు సాహసింపడు. దేవుని విషయమున మాత్రము ఐదవ తరగతిలో నేర్చిన సమాధానముతోనే నలువదియేండ్లు నెట్టుకొనివచ్చును. కష్టము వచ్చువరకు అది చాలినట్లే యుండును.

ఒక్క ఉదాహరణము చెప్పెదను. వృద్ధుడైన తండ్రి ఆసుపత్రిలో కృత్రిమశ్వాసపై యున్నాడు. కోలుకొను ఆశ లేదని వైద్యులు చెప్పినారు. యంత్రమును తీయించుట పాపమా? ఇంటివారు రాత్రులు నిదురలేక తల్లడిల్లుదురు; అప్పుల పాలగుదురు; చివరకు తీయించినచో తండ్రిని చంపితిమను భయమును జీవితాంతము మోయుదురు. ఈ ప్రశ్నకు 1957 నవంబరులోనే పండ్రెండవ పయస్ పోపుగారు వైద్యుల సభలో సమాధానము చెప్పియున్నారు. ప్రాణమును కాపాడుటకు సామాన్యమైన ఉపాయములను వాడుట మన విధి. అసాధారణమై, మిక్కిలి భారమైన ఉపాయములను వాడితీరవలెనను నిర్బంధము లేదు. అట్టి స్థితిలో చికిత్సను ఆపుమని కుటుంబము కోరవచ్చును. ప్రాణము తీయుట వేరు, మరణమును మరణముగా రానిచ్చుట వేరు. ఇన్ని దశాబ్దములుగా గ్రంథములలోనున్న ఈ బోధ ఎన్ని తెలుగు కుటుంబములకు చేరినది? ఏడేండ్ల పిల్లవానికి దీనిని నేర్పుట సాధ్యము కాదు. నలువదియేండ్లవానికి నేర్పకుండుట అపరాధము. భిన్నమతముల వివాహము, వ్యాపారములోని లంచము, భూమి పంపకములో చెల్లెండ్ర భాగము, ఇట్టి చిక్కులన్నియు వయసు వచ్చిన పిదపనే ఎదురగును.

ప్రాచీన శ్రీసభకు ఈ సంగతి బాగుగా తెలియును. అప్పుడు బోధ ముఖ్యముగా పెద్దలకే. జ్ఞానస్నానమునకు సిద్ధపడువారు సుమారు మూడేండ్లు వినవలెనని ఒక పురాతన నియమావళి చెప్పుచున్నది. యెరూషలేము మేత్రాణి సిరిలు పేరిట నిలిచియున్న నాలుగవ శతాబ్దపు ప్రసంగములు కొన్ని మరింత ఆసక్తికరములు. క్రొత్తగా జ్ఞానస్నానము పొందినవారికి, వారు పాల్గొన్న సంస్కారముల భావమును ఆ పిదప విప్పి చెప్పుట వానిలో కనబడును. ముందు అనుభవము, తరువాత వివరణము. కౌత్సునకును యాస్కునకును నడుమ ఇట్లొక దారి కలదని ఆ బోధకుడు ఎరిగినట్లున్నది. అగస్తీను మేత్రాణి, కార్తేజునందలి ఒక పరిచారక గురువు అడుగగా, సుమారు 400వ సంవత్సరమున పెద్దలకు బోధించు విధమును గూర్చి ఒక చిన్న గ్రంథము వ్రాసెను. వినువాడు చదువుకొన్నవాడైనచో ఒక తీరున, కానివాడైనచో మరొక తీరున చెప్పుమనెను. విసుగు చెందినట్లు కనబడినచో అతనిని కూర్చుండబెట్టుమనియు సలహా ఇచ్చెను. మన ఉపన్యాసకులలో పలువురు ఇంతవరకు రాలేదు.

నేటి శ్రీసభయును దీనిని కాగితముపై మరువలేదు. పెద్దలకు చేయు బోధయే బోధలన్నిటిలో ప్రధానమని 1971లోని సత్యోపదేశ మార్గదర్శియును, 1979లో రెండవ జాన్ పాల్ పోపుగారి లేఖయును చెప్పినవి. 1972లో పెద్దల జ్ఞానస్నాన క్రమము పునరుద్ధరింపబడెను. 1992లో సమగ్రమైన సత్యోపదేశ గ్రంథము వెలువడెను.

ఇచట ఒక గట్టి ఆక్షేపణకు జవాబు చెప్పవలెను. చదువురాని అవ్వ జపమాలతో పొందిన శాంతిని పండితుడు పొందగలడా? జ్ఞానము అహంకారమును పెంచదా? ఈ ఆక్షేపణను నేను తేలికగా తీసికొనను. భగవంతుడు మన వ్యాకరణమును పరీక్షించి ప్రార్థనను స్వీకరించునని నేను నమ్మను. అర్థము తెలియని ప్రార్థన ఆయనను చేరును గాక. కాని ప్రార్థించువాడు ఒక్కడే యుండిన లోకములో మాత్రమే ఆ సమాధానము చాలును. అతనికి బిడ్డలు కలరు. వారు ఇది ఏల చేయవలెనని అడుగుదురు. అతనికి పొరుగువారు కలరు. వారి ఎడల ఎట్లు నడువవలెనో ఆరాధన అతనికి చెప్పుచున్నది. ఆ చెప్పునది వినబడనిచో? కొరింతు నగరములో ధనికులు ముందుగా తిని త్రాగి, బీదలు ఆకలితో నిలిచియుండగా, ఇది ప్రభువు భోజనము కాదని పౌలు వారిని గద్దించెను. వారికి ఆరాధనలోని భాష తెలియక కాదు. అది వారి మాతృభాషయే. తమతో కూర్చున్నవాడు ఎవడో వారు గుర్తింపలేదు. మన దేశమున పండ్రెండు మార్పులలో ఒకటిగా శాంతిని అంజలితోను, చేతులు కలుపుటతోను తెలుపుకొనుడని చెప్పినారు. తమిళదేశమున కొన్ని కతోలిక శ్మశానములలో కులమునకొక భాగము చేసి గోడ కట్టినారు. పూజలో చేతులు కలిపి, చచ్చిన పిదప గోడ కట్టువారికి పూజ ఏ భాషలో జరిగిన నేమి? ఇట్టి అజ్ఞానమును అవ్వ జపమాలతో పోల్చరాదు. ఆ అవ్వ ఎవరికిని గోడ కట్టలేదు.

తెలుగువారికి ఈ విద్యకు కావలసిన సామగ్రి లేకపోలేదు. కతోలికుల బైబిలులోనున్న తోబ్యా కథను పింగళి ఎల్లనార్యుడు ‘తోబ్యా చరిత్రము’గా పద్యములలో చెప్పెను. పదునెనిమిదవ శతాబ్దమున మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను ‘వేదాంత రసాయనము’గా కావ్యము చేసెను. ఇవి పిల్లల పుస్తకములు కావు. వయసు వచ్చి, పద్యమెరిగి, తర్కింపగల పాఠకులను ఉద్దేశించి వ్రాసినవి. ఆ కాలముననే పుంగనూరు ప్రాంతములకు వచ్చిన ఫ్రెంచి జెస్విట్ గురువులు తెలుగు నేర్చి బోధించిరి. గ్రామములలో ఉపదేశులు, వారిలో పెక్కురు స్వల్ప జీతగాండ్రు, సాయంకాలము దీపముకడ పెద్దలకు చెప్పుచు వచ్చిరి. మన కాలమున పూదోట జోజయ్య గురువు బైబిలు అనువాదమునందును, ‘బైబులు భాష్య సంపుటావళి’యందును సామాన్య పాఠకునికి అందు తెలుగులో విరివిగా వ్రాసినారు. చిక్కు ఎచటనున్నదనగా, మన ఇండ్లలో మాటలాడు తెలుగు మిగిలినది గాని చదువు తెలుగు మిగులలేదు. గ్రంథము అలమారులో నుండును. అక్షరము తెలిసిన కన్ను ఇంట ఒకటియో రెండో యుండును. అందుచేత మన విషయమున వయోజన ధర్మబోధయు, తెలుగు అక్షరశిక్షణమును ఒక్క పనిగా జరుగవలసియున్నది.

దీనికి గొప్ప ఏర్పాట్లు అక్కరలేదు. 1969లో వచ్చిన పఠనక్రమము ననుసరించి ఆదివారపు సువిశేషములు మూడేండ్లకొక ఆవృత్తిగా నడచును. ఒక యేడు మత్తయి, ఒక యేడు మార్కు, ఒక యేడు లూకా. పూర్వము ఒక్క యేటి ఆవృత్తియే యుండెను; పాతనిబంధన భాగములు ఆదివారములయందు చాల అరుదు. అనగా నేడు పూజ వినువానికి మూడేండ్లలో ఒక విశాలమైన పాఠ్యక్రమము ఉచితముగా లభించుచున్నది. నెలకొక్క సాయంకాలము పది కుటుంబములు ఏదేని ఒక ఇంట కూడి, రానున్న ఆదివారపు భాగములను తెలుగులో పెద్దగా చదువుకొనవచ్చును. చదువరాని వారు విందురు. తరువాత ప్రశ్నలు. గురువు వచ్చినచో మంచిదే. ఆయన ఉపన్యాసము మాత్రము పావుగంట మించకూడదు. స్త్రీలు నడపినచో మరింత మేలు. ఇండ్లలో ఇప్పటికిని జపము చెప్పించువారు వారే. మగవారు పూజసమయమున వెలుపల చెట్టుక్రింద నిలుచుండు అలవాటును మానుకొని లోనికి రావలెను. సామాన్య విశ్వాసులను బోధకులుగా నియమించు విధానమునకు 2021 మే నెలలో ఫ్రాన్సిస్ పోపుగారు స్థిరమైన పదవీరూపము నిచ్చియున్నారు గనుక అధికారము లేదను సాకు కూడ చెల్లదు. మన సంఘములలోని హిందూ కుటుంబములు సైతము, పెండ్లికి ముందుగా పురోహితుని పిలిచి సప్తపదిలోని ఏడు అడుగులకు అర్థమేమో వధూవరులకు చెప్పింపవచ్చును. ఒక గంట పని.

మొదటి పాఠముగా ఏది తీసికొనవలెనని అడిగినచో, అందరికిని కంఠస్థమైన పరలోక జపమునే తీసికొనుడని నా సలహా. అందులో నేటి ఆహారమును అడుగు వాక్యము కలదు. ఆ ఆహారమునకు విశేషణముగా గ్రీకు మూలములోనున్న పదము మిక్కిలి అరుదైనది. దాని సరియైన అర్థమును గూర్చి పండితులు నేటికిని ఏకాభిప్రాయమునకు రాలేదు. లాటిన్ బైబిలును సిద్ధపరచిన జెరోము ఆ ఒక్క పదమునే మత్తయి సువిశేషములో ఒక విధముగా, లూకా సువిశేషములో మరొక విధముగా తెలిగించినాడు: ఒకచోట దినదినమునకు వలసిన అన్నము, మరొకచోట ఈ లోకపు పదార్థమునకు అతీతమైన అన్నము. మనము నిత్యము అడుగుచున్నది ఈ రెంటిలో ఏది? కూలి దొరకని దినమున పస్తుండినవానికిని, నిండిన గాదె గలవానికిని ఆ వాక్యము ఒకటే అర్థమిచ్చునా? దీనిపై మాటలాడుకొనుటకు ఒక సాయంకాలము చాలదు.